మన్యవిప్లవము – స్థానిక చరిత్ర – బాలబోధ

ఏ మహనీయుని స్మృతికై ఈ ఉపన్యాసము జరుగుచున్నదో, ఆయన గ్రంథకర్తగా గాని, వక్తగా గాని లోకమున పేరొందినవాడు కాడు. జీవితకాలమంతయు పల్లెబడులలో చిన్న తరగతులకు పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు. అట్టివాని పేర జరుగు సభలో పరిశోధకులకు మాత్రమే పనికివచ్చు ప్రసంగము చేయుట ఉచితము కాదని తలచి, పదేండ్లు మొదలు పదునైదేండ్ల వరకు గల బాలబాలికలకు ఒక విప్లవయుద్ధమును ఏవిధముగా బోధింపవలెనను విషయమును నేడు గైకొంటిని. నేను చెప్పబోవు యుద్ధము 1922 ఆగస్టు మొదలు 1924 మే వరకు గూడెము కొండలలోను, రంప కొండలలోను అల్లూరి సీతారామరాజు నాయకత్వమున జరిగిన మన్యవిప్లవము.

ఈ చరిత్ర మన పిల్లలకు ఏరూపమున అందుచున్నదో మొదట చూడవలెను. సీతారామరాజు పేరు వినని తెలుగుబిడ్డ యుండడు. 1974లో వెలువడిన చలనచిత్రము ఆ పేరును ఇంటింటికి చేర్చినది. 1986లో తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్లను వెలువరించినది. 2022లో భీమవరమున ముప్పదియడుగుల కంచువిగ్రహము నెలకొన్నది. పాడేరు ముఖ్యస్థానముగా అదే యేట ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టిరి. ఇవి యన్నియు సంతోషింపదగినవే. అయినను, ఆయన ఎక్కడ పోరాడెనని బడిపిల్లవానిని అడిగినచో అడవిలో ననును. ఎందులకని అడిగినచో తెల్లవారిని తరుముటకనును. ఈ రెండు సమాధానములును తప్పులు కావు గాని, ఆ యడవి ఏది, అందు ఎవరు నివసించిరి, వారు తినునదేమి, త్రాగునదేమి, తెల్లవారి పాలన దేశమంతటను సాగుచుండగా ఆ కొండలలోనే, ఆ యేటనే తుపాకులు ఏల ప్రేలినవి అను ప్రశ్నలు వాని మనస్సులో మొలవనైన మొలవవు. కాషాయవస్త్రమును విల్లమ్ములును ధరించిన దివ్యమూర్తి ఎచటినుండియో వచ్చి, ఏదియో చేసి, అమరుడయ్యెనని మాత్రమే వాడెరుగును. నాయకునితో పాఠము నారంభించినంతకాలము ఈ లోపము తొలగదని నా దృఢవిశ్వాసము. ఊరితో నారంభింపవలెను, నాయకుడు ఆ ఊరికి వచ్చువరకు బాలుడు వేచియుండవలెను.

నర్సీపట్నమునుండి లంబసింగి మీదుగా చింతపల్లికి ఎక్కు రోడ్డును మీలో అనేకులెరుగుదురు. నేడు శీతకాలపు మంచును చూడవచ్చు యాత్రికుల వాహనములతో నిండియుండు ఆ రోడ్డే మన మొదటి పాఠము. దీనిని ఎవరు వేసిరి? ఎవరికొరకు వేసిరి? గూడెము డిప్యూటీ తహసీల్దారుగా నుండిన బాస్టియన్ అను ఉద్యోగి ఈ మన్యపు రోడ్డుపనులలో కొండవారిచే నిర్బంధముగా చాకిరి చేయించెననియు, కూలి సరిగా ముట్టజెప్పలేదనియు నాటి ఫిర్యాదులు చెప్పుచున్నవి; ఆ ఫిర్యాదులను పై యధికారులకు వినిపించినవారిలో సీతారామరాజు ఒకడు. ఈ మాట చెప్పగానే, తరగతిలో తెలివిగల పిల్ల ఎవతెయో లేచి, రోడ్డు వేయుట మంచిపనియే కదా, దానికి కోపమెందులకని అడుగును. ఆ ప్రశ్నను ఉపాధ్యాయుడు తొందరపడి ఆర్పివేయరాదు. సమాధానమును నల్లబల్లపై వ్రాయనురాదు. ఒక దినమంతయు ఆ ప్రశ్ననే ఇంటికి పంపవలెను. రోడ్డు లేనపుడు ఊరిలోనికి రానివారెవరు, రోడ్డు పడిన పిమ్మట వచ్చినవారెవరు అని పిల్లలు ఇంటి పెద్దలనడిగి జాబితా వ్రాసికొనివచ్చినచో, అందు వైద్యుడు నుండును, ఉపాధ్యాయుడు నుండును, చింతపండునకు వెలకట్టు వర్తకుడు నుండును, అటవీశాఖ జవాను నుండును, పోలీసు నుండును. ఆ జాబితాయే నూరేండ్ల వెనుకటి జాబితా కూడ అని చెప్పి, అందు వైద్యునిని, ఉపాధ్యాయుని కొట్టివేసినచో 1922 నాటి మన్యము చాలవరకు కన్నులకు గట్టును.

రోడ్డు తరువాత చెట్టు. ఈ కొండలలో జీలుగుచెట్టు కల్లు కేవలము మత్తుపానీయము కాదు. ఎండకాలమున ధాన్యము తరుగు దినములలో అది యాహారము, పండుగలలో నైవేద్యము. 1879 మార్చిలో చోడవరపు ప్రాంతమున తలయెత్తిన రంప పితూరీకి, అనగా తిరుగుబాటునకు, ముఖ్యకారణములలో కల్లుపై కొత్తగా వచ్చిన ఆబ్కారీ నిబంధనలును, రంపసీమపై పెత్తనముగల మునసబుదారు కల్లుపై వసూలుచేసిన చిగురుపన్నును ఉన్నవి. అది గొలుగొండ కొండలకును, భద్రాచలపు రేకపల్లి సీమకును ప్రాకి, 1880 చివరకు గాని చల్లారలేదు. దాని నాయకులలో కారం తమ్మన్నదొర పేరు నేటికిని పెద్దలు తలచెదరు. పిదప 1882లో మద్రాసు అటవీచట్టము వచ్చి పోడు వ్యవసాయమును నానాట బిగించినది. ఏటవాలుపై చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనము జల్లి, రెండు మూడు పంటలు తీసి, మరియొక చోటికి పోవు ఆ పద్ధతి ప్రభుత్వము దృష్టిలో అడవికి చేటు; కొండవానికి తాతలనుండి వచ్చిన బ్రతుకుదెరువు. 1886లో గూడెము ఠాణాపై దాడి జరిగినదనియు, అంతకుముందును గొలుగొండ కొండలలో అలజడులు పలుమారు రేగినవనియు చెప్పినచో, 1922 నాటి యుద్ధము ఒక మహాపురుషుని సంకల్పమాత్రముచే గాక, మూడు తరముల బాధచే పుట్టినదని బాలుడు తానే గ్రహించును. ఇంకొక విశేషమును తప్పక చూపవలెను: 1879లో కల్లుపై ఆంక్షలు పెట్టినందులకు కొండ తిరుగబడగా, నలుబదియేండ్లకు అదే కొండలకు వచ్చి కల్లు మానుడని, తగవులు కోర్టులకు గాక పంచాయతీలకు చెప్పుకొనుడని బోధించిన యువకుని మాటను ఆ జనమే చెవిని బెట్టినది. ఈ వైచిత్ర్యమును గూర్చి పన్నెండేండ్ల పిల్లలు మాటలాడుకొను మాటలు పెద్దల సభలకంటె రసవత్తరముగా నుండును.

ఆ యువకుడు, సీతారామరాజు, ఈ దశలో ప్రవేశించుట సముచితము. 1897 జూలై 4న పాండ్రంగిలో పుట్టి, మోగల్లు స్వగ్రామముగా గల ఆయన, 1917లో కృష్ణదేవిపేటకు వచ్చి తపోవృత్తిలో నుండెను. ఆయుధము పట్టుటకు ముందు ఆయన అర్జీలు వ్రాసెను, అధికారులతో మాటలాడెను. ఫజులుల్లా ఖాన్ అను డిప్యూటీ కలెక్టరు ఆయనయెడ ఆదరముతో నుండి పైడిపుట్టలో భూమి నిప్పించుటయు జరిగినది. ఈ ఘట్టమును మనము తరచుగా దాటిపోవుదుము. పోరాటకథ వేగము తగ్గునని భయము కాబోలు. కాని పిల్లలకు దీనినే విస్తరించి చెప్పవలెను, ఏలన మొదటి మాటకే తుపాకి పట్టిన వీరుడు వారికి అద్భుతముగా కనబడునే గాని అర్థము కాడు. బట్టిపనుకుల ముఠా పోగొట్టుకొన్న గాము గంటందొరయు, ఆతని తమ్ముడు మల్లుదొరయు ఆయనతో చేరుటకు గల కారణమును ఇచటనే చెప్పవలెను. ముఠాదారు అనగా కొన్ని గ్రామములపై శిస్తు వసూలుచేయు అధికారము గలవాడనియు, ప్రభుత్వము ఆ యధికారమును ఇయ్యగలదు, తీసివేయగలదనియు తెలిసినచో, మనిషి తిరుగుబాటునకు దిగుటలో ధర్మాగ్రహముతో బాటు సొంత నష్టమునకు కూడ చోటుండునని పిల్లలు తెలిసికొందురు. అందుచే ఆ వీరుల గౌరవము తగ్గునని నేననుకొనను.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: ఈ మూడు ఠాణాలపై వరుసగా మూడు దినములలో దాడులు జరిగి, మొత్తము 26 తుపాకులు విప్లవకారుల చేజిక్కినవి, రాజవొమ్మంగిలో బందీగా నుండిన కొండనాయకుడు వీరయ్యదొర విడుదలయ్యెను. తీసికొనిపోయిన వస్తువుల పట్టికను వ్రాసి, సంతకము చేసి పోవుట సీతారామరాజు పద్ధతి. ఇంతవరకు ప్రతి పుస్తకమునందును కలదు. ఇక నా సూచన యేమనగా, ఈ తేదీలను చెప్పి ఊరకుండక, తరగతికి పాత పంచాంగమునొకదానిని తెండు, లేనిచో లెక్కగట్టింపుడు. 1922 ఆగస్టు 22 మంగళవారము, దుందుభి నామ సంవత్సర శ్రావణ బహుళ అమావాస్య. అనగా మన యిండ్లలో పోలాల అమావాస్య జరుపుకొను దినము. ఈ ఒక్క సంగతితో రెండు ద్వారములు తెరచుకొనును. వానలు ముసురుపట్టిన కాలమున, చంద్రుడు లేని రాత్రులలో, జలగలు నిండిన అడవిబాటల వెంబడి మూడు దినములలో మూడు ఠాణాలు చుట్టివచ్చుటకు ఎట్టి దేహబలము, ఎట్టి దారిపరిజ్ఞానము కావలయునో పటము ముందు పెట్టుకొని కొలిచిననే తెలియును; ఆ దారి తెలిసినవారు నాయకులు కారు, పేరులేని కొండవారు. రెండవది, ముసలమ్మలకు ఆగస్టు ఇరువదిరెండు గుర్తుండదు. పోలాల అమావాస్య గుర్తుండును, సంక్రాంతి గుర్తుండును, మామిడికాయ కాలము గుర్తుండును. వారు చెప్పు కాలమును కాగితముపై కాలముతో జతపరచుట నేర్చిన బాలుడు, మన్యవిప్లవముననే కాదు, తన యింటి చరిత్రలోను దారి కనుగొనును.

ఇక హింసను గూర్చి. యుద్ధమును బోధించు ఉపాధ్యాయుడు దీనినుండి తప్పించుకొనజాలడు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో పోలీసుదళము వచ్చుచుండగా, ముందు నడచుచున్న భారతీయ సిపాయిలను పోనిచ్చి, స్కాట్ కవర్డు, హైటర్ అను ఇద్దరు ఆంగ్లాధికారులను విప్లవకారులు కాల్చి చంపిరి. ఆ యిరువురి సమాధులు నర్సీపట్నమున నున్నవి. కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధికి విద్యార్థులను విహారయాత్రగా తీసికొనిపోవు పాఠశాలలు చాల గలవు. నర్సీపట్నపు సమాధులయొద్దకు తీసికొనిపోవునవి నేనెరిగినంతలో అరుదు. తీసికొనిపోవలెనని నేను గట్టిగా చెప్పుచున్నాను. శత్రువునకు కూడ పేరు, ఊరు, తల్లి యుండునని తెలియుటచే బాలుని దేశభక్తి సన్నగిల్లదు. పైపెచ్చు, సిపాయిలను విడిచి అధికారులనే గురిపెట్టుటలోని ఆలోచన యెట్టిదో, ఆ వివేచన యుద్ధమున ఎంత దుర్లభమో ఆ రాళ్లముందు నిలచినపుడు తెలియును. పదేండ్ల పిల్లలకు ఈ ఘట్టము వద్దు. వారికి రోడ్డు, చెట్టు, పండుగ చాలును. పదుమూడు దాటినవారికి దాచిపెట్టరాదు.

అట్లే పరాజయములను దాచరాదు. అడ్డతీగల, రంపచోడవరములపై అక్టోబరులో జరిగిన దాడుల తరువాత ప్రభుత్వము మలబారు ప్రత్యేక పోలీసులను దించెను. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెపు పొలములలో విప్లవకారులు గట్టిదెబ్బ తినిరి. 1879లో పితూరీకి పుట్టినిల్లయిన రంపసీమ ఈ మారు ఆశించినంతగా లేచిరాలేదు. కొందరు ముఠాదారులు ప్రభుత్వపక్షమున నిలచిరి. ఊళ్లలో పోలీసులు మకాము వేసి, ధాన్యము తీసి, అనుమానితులను పట్టుకొనిపోవుచుండగా, రాత్రివేళ వచ్చు విప్లవకారునికి అన్నము పెట్టవలెనా, పెట్టినచో తెల్లవారిన తరువాత ఏమగునని తలుపుచాటున నిలచి ఆలోచించిన తల్లుల చరిత్రను ఎవరును వ్రాయలేదు. పిల్లలకు నాటకము వేయించు అలవాటుగల ఉపాధ్యాయులకు నా ప్రార్థన: సీతారామరాజు వేషము ఒక్కడికే దక్కును, ఆ తల్లి వేషము, అన్నపుమూట మోసిన పిల్లవాని వేషము, సమాచారము చెప్పుమని బెదిరింపబడిన ఊరిపెద్ద వేషము తరగతిలోని తక్కినవారందరికిని ఇయ్యవచ్చును.

మైదానపు ఊళ్లలోని ఉపాధ్యాయులు, మాకు ఇందు స్థానిక చరిత్ర యేమున్నదని అడుగవచ్చును. ఉన్నది, కాని కొంత చేదుగా నున్నది. ప్రభుత్వపు చట్టములు కొండకు చేసిన కీడును సంపూర్ణము చేసినవారు క్రిందినుండి ఎక్కివచ్చిన కల్లు గుత్తదారులు, వడ్డీవర్తకులు. అప్పుపత్రముపై వ్రేలిముద్ర వేయించి పసుపును, చింతపండును, పిదప భూమిని తీసికొనిపోయినవారు. వారు తెల్లవారు కారు, మనవారు. నర్సీపట్నపు పిల్లవానికి, తునిలోని పిల్లవానికి ఈ మాట చెప్పుట ఉపాధ్యాయునకు కష్టము. తల్లిదండ్రులు నొచ్చుకొందురేమో యని సంకోచము. అయినను ఇది చెప్పనిచో ఆ పిల్లవానికి తన ఊరి సంతవీధి ఎట్లు పెరిగినదో తెలియదు. 1923 ఏప్రిల్‌లో సీతారామరాజు అన్నవరము వచ్చినపుడు జనము ఆయనను ఆదరముతో ఎదుర్కొన్నది. ఆ మైదానమే అటు వర్తకునిని, ఇటు మోగల్లుకు చెందిన ఆ సన్న్యాసిని ఇద్దరిని కొండకు పంపినది. ఈ రెండును ఒకే పాఠములో ఉండవలెను.

పత్రములను గూర్చి రెండు మాటలు. పెద్ద తరగతులవారికి 1907లో వెలువడిన రెండు జిల్లా గెజిటీరులు, ఫ్రాన్సిస్ వ్రాసిన విశాఖపట్టణపుదియు, హెమింగ్వే వ్రాసిన గోదావరిదియు, ఎంతయు ఉపకరించును. విప్లవమునకు పదునైదేండ్లకు ముందే వ్రాయబడినవి గావున, కొండలను గూర్చి అధికారులకు ఏమి తెలిసియుండెనో, ఏమి తెలిసియు పట్టించుకొనలేదో వానిలో కనబడును. మామిడిపూడి వెంకటరంగయ్యగారు ఆంధ్రదేశపు స్వాతంత్ర్యపోరాటమును గూర్చి సంపుటములుగా కూర్చిన ప్రభుత్వపత్రములు, 1982లో డేవిడ్ ఆర్నాల్డు గూడెము–రంప తిరుగుబాటులపై ప్రకటించిన దీర్ఘవ్యాసము ఉపాధ్యాయుడు తాను చదివి, సులభమైన తెలుగులో ఒక్కొక్క పుట సారము తరగతికి ఇయ్యవచ్చును. సర్కారు కాగితము అబద్ధమని, అవ్వ మాట నిజమని ముందే తీర్పు చెప్పుట నాకు సమ్మతము కాదు. రెండింటికిని తమ తమ ప్రయోజనములు, భయములు ఉన్నవి. మిరపకాయ కట్టిన బాణముతో సీతారామరాజు ముందుగా కబురు పంపెడివాడను జనశ్రుతిని పిల్లలు ఉత్సాహముతో చెప్పుదురు, చెప్పనిండు. తరువాత, ఈ మాట నీకెవరు చెప్పిరి, వారికెవరు చెప్పిరి అని ఒక్క ప్రశ్న వేయుడు. ఆ గొలుసు ఎంతవరకు పోవునో పట్టుకొనిపోవుటయే చరిత్రవిద్య.

కొండబడులలో మరియొక యిబ్బంది కలదు. కోయ, కువి, ఆదివాసీ ఒడియా ఇంట మాటలాడు పిల్లలకు తెలుగు పాఠ్యపుస్తకమే పరభాషాగ్రంథము. వారి అవ్వ చెప్పిన మాటను తెలుగులోనికి మార్చి చెప్పుమని తొందరపెట్టినచో, ఆ మాటలోని సగము దారిలోనే జారిపోవును. మొదట ఇంటిభాషలోనే చెప్పనిండు, పక్కనున్న పిల్ల తెలుగున చెప్పును, మూడవది సరిదిద్దును. తనకు తెలియని భాషలో పిల్లలు తమ ఊరి యుద్ధమును గూర్చి మాటలాడుకొనుచుండగా ఓపికతో కూర్చుండగల ఉపాధ్యాయుడు కావలెను.

పాఠమును ఎక్కడ ముగింపవలెనను ప్రశ్న నన్ను చిరకాలముగా వేధించుచున్నది. పుస్తకములన్నియు 1924 మే 7న కొయ్యూరులో ముగియును. అస్సాము రైఫిల్సు దళము వచ్చినది. రూథర్‌ఫర్డు ప్రత్యేకాధికారిగా నియమింపబడెను. మంపవద్ద చిక్కిన సీతారామరాజును విచారణ లేకయే చెట్టునకు గట్టి కాల్చిరి. ఆయనకు ఇరువదియేడేండ్లు నిండలేదు. మరికొన్ని వారములకు గంటందొర పోరులో మరణించెను. ఇచట ఆపినచో పిల్లలకు కన్నీరు మిగులును. కథ ముగిసినదను భ్రమయు మిగులును. గాము మల్లుదొర పట్టుబడి, శిక్షపడి, అండమానుకు పంపబడి, తిరిగివచ్చి, స్వతంత్రభారతమున తొలి సాధారణ ఎన్నికలలో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఠాణాపై దాడిచేసిన చేతులు 1952లో చట్టసభలో ప్రమాణపత్రముపై నిలచినవన్న సంగతి మన పిల్లలలో నూటికి ఒక్కరైన ఎరుగరు. 1969 నిబంధనముచే ముఠాదారీ పద్ధతి రద్దయినది. కొండవారి భూములు ఇతరుల చేతికి పోకుండ 1970లో వచ్చిన భూమిబదలాయింపు నిబంధనమును మన్యపు ప్రతి యింటను వన్ ఆఫ్ సెవెంటీ యని నేటికిని పేర్కొందురు. 2006 నాటి అటవీహక్కుల చట్టము పోడుభూములకు పట్టాలిచ్చుటకు మార్గము చూపినది.

కావున నా ప్రతిపాదన యేమనగా, కొండబడిలో చివరి పాఠపు దినమున, ఇంటిలో పట్టా కాగితమున్న పిల్లలు దాని ప్రతిని తెచ్చుకొనవలెను, లేనివారు అర్జీ పెట్టిరా, పెట్టినచో ఏమైనదని ఇంట అడిగి రావలెను. ఉపాధ్యాయుడు 1882 చట్టపు సారాంశమును నల్లబల్లపై ఒకవైపు వ్రాసి, పట్టాలోని షరతులను పిల్లలచే చదివించి రెండవవైపు వ్రాయవలెను. ఏది మారినది, ఏది మారలేదు అను చర్చను గంట మ్రోగువరకు వారికే విడిచిపెట్టవలెను. దీనికి కావలసిన సుద్దముక్క, గెజిటీరు పుటల ప్రతులు, ఒక పాత పంచాంగము ప్రతి పాఠశాలకును అందజేయుటకు ఈ స్మారకనిధినుండి ఏటేట కొంత మొత్తము కేటాయింపవలసినదిగా, దానిని నెలకొల్పిన దాతలను వినయపూర్వకముగా కోరుచున్నాను.